జుట్టు రంగు: వేయుట సులభం, తీయుట కష్టం

బట్ట రంగు వెలిస్తే మనం విచారిస్తాము. జుట్టు రంగును వెలయించడానికి మాత్రం మానవుడు శతాబ్దాలుగా శ్రమిస్తున్నాడు. పదునారవ శతాబ్దంలో వెనిస్ స్త్రీలు నడినెత్తి లేని టోపీ ధరించి, దాని అంచుమీద తడి జుట్టు పరచి, మేడలపై ఎండలో కూర్చునేవారు. 1590లో దుస్తులను గురించి గ్రంథం ప్రచురించిన చెజారె వెచెల్లియో ఈ ఆచారాన్ని వర్ణించాడు.

ఎండ చేసే పనిని త్వరగా చేయగల రసాయనం 1818లో లభించింది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తెనార్ బేరియం పెరాక్సైడుపై ఆమ్లాన్ని ప్రయోగించి హైడ్రోజన్ పెరాక్సైడును కనుగొన్నాడు. నీటి అణువులో కంటె ఇందులో ఒక ఆక్సిజన్ పరమాణువు అధికం. ఆ ఆక్సిజన్ సులభంగా విడివడి ఇతర పదార్థాలను ఆక్సీకరిస్తుంది. 1867 పారిస్ ప్రదర్శనలో దీనితో జుట్టును లేతపరచి చూపించారు. క్షారమైన అమోనియా వెంట్రుకను ఉబ్బించి, పై పొలుసుల మధ్య దారి ఇస్తుంది. పెరాక్సైడు లోనికి పోయి, నలుపునకు కారణమైన మెలనిన్‌ను విచ్ఛిన్నం చేస్తుంది.

చిత్రమేమంటే, రంగు వేయడానికీ ఇదే పెరాక్సైడు కావాలి. 1907లో యూజీన్ షూలర్ కృత్రిమ రంగును తయారుచేసి పారిస్ క్షౌరశాలలకు అమ్మసాగాడు. నేటి శాశ్వతపు రంగులలో పారాఫెనిలిన్ డయమీన్ వంటి చిన్న అణువులు వెంట్రుకలోనికి చొరబడి, ఆక్సీకరణం చెంది, ఒకదానితోనొకటి కలిసి పెద్దవవుతాయి. ఇక వచ్చిన దారిన బయటికి పోలేవు. అందువల్లనే నల్లరంగు వేసిన జుట్టుపై లేతరంగు పూసినా నలుపు తగ్గదు.

దానిని తగ్గించే మార్గాలు రెండు. మొదటిది క్షయకరణం: రంగు అణువులు వర్ణరహితమవుతాయి, కాని బాగా కడగకపోతే గాలిలోని ఆక్సిజన్ తగిలి మళ్ళీ నల్లబడవచ్చు. రెండవది మరింత బలమైన ఆక్సీకరణం. చిక్కంతా ఇక్కడనే ఉన్నది. వెంట్రుక కెరటిన్ అనే ప్రోటీనుతో నిర్మితమైనది. దాని గొలుసులను గంధకపు బంధాలు నిచ్చెన మెట్లవలె కలిపి ఉంచుతాయి. పెరాక్సైడు రంగును మాత్రమే ఏరుకొని నాశనం చేయలేదు. గంధకబంధాలను కూడ తెంచి సిస్టీక్ ఆమ్లంగా మార్చుతుంది. జుట్టు పెళుసై తెగిపోవడం ఇందువల్లనే.

తలపై కనబడే వెంట్రుకలో సజీవ కణాలు లేవు. కనుక చర్మంపై గాయంవలె అది మానదు. సిస్టీక్ ఆమ్లమున్న చోట్ల ఋణవిద్యుదావేశం ఉంటుంది. ధనావేశంగల కండిషనరు అణువులు అక్కడ అంటుకొని నునుపు కల్పిస్తాయి. ఇది అతుకే కాని పునర్నిర్మాణం కాదు. 2014లో అమెరికాలో, తెగిన బంధాలచోట వంతెన వేసే ఉద్దేశంతో, మాలియేట్ సమ్మేళనాలు గల సరకులు అమ్మకానికి వచ్చాయి. వాటి వంతెన ఎంత గట్టిదన్నది ఇంకా చర్చలోనే ఉన్నది.

నివారణలో మన తలంటు ఆచారానికీ చోటున్నది. 2003లో భారతీయ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగాలలో, కొబ్బరినూనె వెంట్రుకనుండి ప్రోటీను నష్టాన్ని తగ్గించింది; పెరాక్సైడు తగిలిన జుట్టులో కూడ ఈ ఫలితం కనబడింది. పొద్దుతిరుగుడు నూనె, ఖనిజతైలం అలా చేయలేకపోయాయి. కొబ్బరినూనె అణువులు వెంట్రుకలోనికి చొరగలగడమే ఇందుకు కారణమని వారి వివరణ.

మరొక జాగ్రత్త: కొన్ని రంగులలో లోహలవణాలుంటాయి. అవి ఉన్న జుట్టుకు పెరాక్సైడు తగిలితే విపరీతంగా వేడి పుట్టవచ్చు. కనుక ముందు కత్తిరించిన చిన్న పాయపై పరీక్షించడం తప్పనిసరి. ఒకేసారి తెల్లబరచబూనక, తక్కువ గాఢతతో, వ్యవధి ఇచ్చి, కొద్దికొద్దిగా లేతపరచడం మేలు. తలవెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. చెడిన జుట్టుకు ప్రకృతి చేసే నిజమైన మరమ్మతు అదొక్కటే.