రామన్ కథలో వాల్తేరు వంతు

ఏటా ఫిబ్రవరి 28న, సైన్స్ డే పేరుతో, స్కూళ్ళలో ఒకటే కథ చెప్తారు. రామన్ ఓడ ప్రయాణం, మధ్యధరా సముద్రపు నీలం, 1928లో కలకత్తాలో ప్రయోగం, 1930లో నోబెల్. కథ కంచికి! కృష్ణన్ పేరు చెప్తే అదే గొప్ప. నాకు మాత్రం అసలు కథ అక్కడే మొదలైందనిపిస్తుంది.

రామన్ చూసిందేమిటి? ఒకే రంగు కాంతిని ద్రవంలోకి పంపితే, చెదిరిన కాంతిలో అతి కొద్ది భాగం రంగు మార్చుకుని వస్తుంది. అణువుని స్ప్రింగులతో కట్టిన బంతులనుకోండి. కాంతి తన శక్తిలో కొంత ఇచ్చి ఆ స్ప్రింగుల్ని ఊపుతుంది. ఎంత ఇచ్చిందో కొలిస్తే స్ప్రింగు ఎంత గట్టిదో తెలిసిపోతుంది. పక్కింటి అణువు ప్రభావం కూడా దొరికిపోతుంది. నీటి ఆవిరిలో సెంటీమీటరుకి 3657 తరంగాల దగ్గర సన్నగా ఉండే గీత, ద్రవ రూపంలో 3400 చుట్టూ వెడల్పాటి పట్టీగా మారుతుంది. హైడ్రోజన్ బంధాల మహిమ అది.

సరే, ఫోటో ప్లేటు మీద గీతలొచ్చాయి. ఏ గీత ఏ కదలికది? అసలు ఎన్ని రావాలి? ఇక్కడ పనికొచ్చేది సౌష్ఠవం. ఉదాహరణకి కార్బన్ డయాక్సైడ్, నైట్రస్ ఆక్సైడ్ రెండూ మూడు పరమాణువులు వరసగా ఉన్న అణువులే. మొదటిదాంట్లో కార్బన్‌కి అటూ ఇటూ ఆక్సిజన్లు, కాబట్టి రామన్‌లో కనబడే కదలిక ఇన్‌ఫ్రారెడ్‌లో కనబడకూడదు. రెండోదాంట్లో అవే కదలికలు రెండిట్లోనూ కనబడతాయి. అంటే ఆక్సిజన్ మధ్యలో లేదు, చివర ఉంది. అణువుని కంటితో చూడకుండానే!

ఈ లెక్కకి గణితంలో గ్రూప్ థియరీ ఉంది. దాన్ని స్ఫటికాలకి వర్తింపజేసిన తొలితరం వాళ్ళలో ఇద్దరు మనవాళ్ళు. ఒకరు సూరి భగవంతం. 1909లో అగిరిపల్లిలో పుట్టి, నిజాం కాలేజీలో చదివి, 1928లో కలకత్తా వెళ్ళి రామన్ దగ్గర చేరారు. తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. రెండోవారు అక్కడే పనిచేసిన టి. వెంకటరాయుడు. 1939లో స్ఫటిక నిర్మాణానికీ రామన్ ఫలితానికీ సంబంధం మీద ఇద్దరూ కలిసి పేపర్ రాశారు. 1948లో భౌతిక సమస్యల్లో గ్రూప్ థియరీ వాడకం మీద వాళ్ళ పుస్తకాన్ని విశ్వవిద్యాలయమే వేసింది. ఈ పద్ధతిలో కాల్సైట్ స్ఫటికం సంగతి చూడండి. మూల ఘటంలో 10 పరమాణువులు, మొత్తం 30 రకాల కదలికలు, రామన్‌లో కనబడాల్సిన గీతలు ఐదే. ప్రయోగంలోనూ ఐదే!

ప్రోగ్రామ్ రన్ చేయకుండానే అవుట్‌పుట్‌లో ఎన్ని లైన్లొస్తాయో చెప్పేయడం లాంటిది ఇది. ఖరీదైన యంత్రాలక్కర్లేదు, కాగితం, పెన్సిలు, బుర్ర చాలు. అందుకే వాల్తేరులో కూర్చుని చేయగలిగారు.

కొత్తది కనిపెట్టినవాడికి పండగ చేస్తాం, బానే ఉంది. దాన్ని పదిమందికి పనికొచ్చే పనిముట్టుగా మలిచినవాళ్ళకి పాఠ్యపుస్తకంలో ఒక పేరా కూడా ఉండదా? 2021లో మార్స్ మీద దిగిన పర్సివరెన్స్ రోవర్‌లో రామన్ పరికరాలున్నాయి. అక్కడి రాళ్ళ గీతల్లో ఏది ఏ ఖనిజానిదో తేల్చేటప్పుడు, వెనకాల ఉన్నది ఈ సౌష్ఠవం లెక్కే. వచ్చే ఫిబ్రవరి 28న మీ పిల్లలకి రామన్ కథ చెప్తే, వాల్తేరు దాకా చెప్పండి.