చాప్లిన్‌కి డైరెక్షన్ చెప్పిన అమ్మాయి

మా అత్తయ్యగారికి టీవీలో ఏం పెట్టినా సగంలో కునుకు పడుతుంది. చాప్లిన్ పాత చిన్న సినిమాలు పెడితే మాత్రం పడదు. మాటల్లేని సినిమాలు కాబట్టి చెవి సరిగ్గా వినపడకపోయినా ఇబ్బంది లేదు. పోయిన వేసవి సెలవుల్లో ఆవిడా, మా అమ్మాయీ కూర్చుని వరసగా అవే చూశారు. ఒకరోజు తెర మీద ఒక హోటల్ హాలు. తాగి ఊగుతున్న చాప్లిన్, ఒకమ్మాయి పట్టుకున్న కుక్క తాడులో చిక్కుకుని నానా తంటాలు పడుతున్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వు ఆగాక మా అమ్మాయి అడిగింది, "అమ్మా, ఆ కుక్క ఆవిడెవరు?"

నాకేం తెలుసు? ఆ రాత్రి వంటిల్లు సర్దేశాక కూర్చుని వెతికాను.

ఆమె పేరు మేబెల్ నార్మండ్. ఆ సినిమా పేరు 'మేబెల్స్ స్ట్రేంజ్ ప్రెడికమెంట్', 1914 ఫిబ్రవరిలో వచ్చింది. అందులో కథానాయికా ఆమే, దర్శకురాలూ ఆమే. చాప్లిన్ అప్పటికి కంపెనీలో కొత్తగా చేరిన నటుడు. వదులు ప్యాంటు, బిగుతు కోటు, చిన్న మీసం, చేతికర్ర ఉన్న ఆ వేషం ఆయన మొదటిసారి వేసుకుంది ఈ సినిమా షూటింగ్‌లోనే. దీని తర్వాత తీసిన ఇంకో చిన్న సినిమా రెండు రోజులు ముందు విడుదలైపోయింది కాబట్టి ఆ పేరు దానికి దక్కింది.

ఆ కంపెనీ కీస్టోన్. మాక్ సెనెట్ అనే ఆయన 1912లో మొదలుపెట్టి లాస్ ఏంజెలస్‌లో నడిపాడు. ఒక రీలు సినిమా అంటే పది పదిహేను నిమిషాలు. దగ్గర్లో పార్కు ఉంటే పార్కు, చెరువుంటే చెరువు, నలుగురు పోలీసు వేషగాళ్లు, ఒకరినొకరు తరుముకోవడం. కెమెరా చేత్తో తిప్పేవాళ్లు. కాస్త నిదానంగా తిప్పితే తెర మీద మనుషులు ఉరుకులు పరుగులుగా కనపడతారు. ఇలా తన్నుకునీ, పడిపోయీ నవ్వించే హాస్యాన్ని స్లాప్‌స్టిక్ అంటారు. ఇటలీ పాత నాటకాల్లో కొడితే దెబ్బ తగలకుండా చప్పుడు మాత్రం గట్టిగా వచ్చే చెక్క పలకలు ఉండేవట, వాటి పేరే ఇది. మనకి కొత్తేం కాదు లెండి. తోలుబొమ్మలాటలో బంగారక్క, జుట్టుపోలిగాడు చేసేది అదే కదా. బంగారక్క తిట్టడానికైనా కొట్టడానికైనా ఎవరికీ తీసిపోదు.

మేబెల్ కూడా అంతే. అందంగా నిలబడి చూసే హీరోయిన్ కాదు. నీళ్లలోకి దూకడం, పడటం, మొహాన పై విసరడం అన్నీ చేసింది. పై అంటే క్రీము నింపిన ఒకరకం తీపి వంటకం. కాబోయే దర్శకుడు ఎవరో చెప్తే చేయడం కాదు, తన సినిమాలు తనే తీసుకునే స్థాయికి ఇరవైల్లోనే వచ్చింది.

అసలు గొడవ 'మేబెల్ ఎట్ ద వీల్' దగ్గర వచ్చింది. అందులో విలన్లు ప్రియుణ్ణి ఎత్తుకుపోతే అతని బదులు మేబెల్ రేసు కారు నడుపుతుంది. చాప్లిన్ విలన్. షూటింగ్‌లో ఆయన ఒక హాస్యం చేస్తానన్నాడు. నీళ్ల గొట్టం మీద కాలేసి, నీళ్లు ఎందుకు ఆగాయా అని గొట్టంలోకి చూసి, కాలు తీయగానే మొహం మీద చిమ్మించుకోవడం. టైము లేదు, చెప్పింది చెయ్యమంది మేబెల్. ఆయన అలిగి రోడ్డు పక్కన కూర్చుని, చెయ్యనన్నాడు. ఇదంతా చాప్లిన్ తన ఆత్మకథలో తనే రాసుకున్నాడు. ఈ అమ్మాయికి దర్శకత్వం చేతనవునా అని తనకు అనుమానమని కూడా రాశాడు. అప్పటికి ఆయనకీ పాతికేళ్లు లేవు, సినిమాల్లోకొచ్చి నెలలే అయింది!

ఇంకో సంగతి. ఆ నీళ్ల గొట్టం హాస్యం ఫ్రాన్సులో లూమియేర్ సోదరులు 1895లోనే సినిమాగా తీసి చూపించేశారు. మేబెల్ వద్దనడంలో నాకైతే తప్పేం కనపడలేదు.

సెనెట్ ముందు చాప్లిన్ మీద మండిపడ్డాడు, మర్నాడు మెత్తబడ్డాడు. చాప్లిన్ సినిమాలు ఇంకా పంపమని న్యూయార్క్ నుంచి కబురు వచ్చింది మరి. కొద్ది రోజుల్లోనే చాప్లిన్‌కి దర్శకత్వం దక్కింది. ఇద్దరూ రాజీపడ్డారు కూడా. ఆ జూన్‌లో వచ్చిన 'మేబెల్స్ మ్యారీడ్ లైఫ్' ఇద్దరూ కలిసి అల్లిన కథ. పార్కులో ఒక బండోడు భార్య వెంట పడితే మొగుడు ఏమీ చెయ్యలేడు. ఆమె ఇంటికొచ్చి, మొగుడికి కుస్తీ నేర్పిద్దామని గుద్దులాడే బొమ్మ ఒకటి తెప్పిస్తుంది. మొగుడు తాగొచ్చి, ఆ బొమ్మే బండోడనుకుని దానితో తగువు పెట్టుకుంటాడు. గుద్దినప్పుడల్లా అది ఊగి వెనక్కొచ్చి మొగుణ్ణే కొడుతుంది. అత్తయ్యగారికి ఇదంటే ప్రాణం.

ఆ తర్వాత మేబెల్ పేరుతోనే ఒక స్టూడియో వెలిసింది, 'మికీ' అనే పెద్ద సినిమా 1918లో వచ్చి బాగా ఆడింది. కానీ 1922లో విలియం టేలర్ అనే దర్శకుణ్ణి ఎవరో కాల్చి చంపారు. ఆ సాయంత్రం ఆయన్ని కలిసి వెళ్లింది మేబెల్. ఆమె మీద ఏ కేసూ పెట్టలేదు, అయినా పత్రికలు వదల్లేదు. రెండేళ్లకి ఆమె కారు డ్రైవరు ఇంకొకరిని కాల్చాడు. ఆమె చేసింది ఏమీ లేకపోయినా కొన్ని ఊళ్లలో ఆమె సినిమాలు వెయ్యొద్దన్నారు. క్షయ వచ్చి 1930 ఫిబ్రవరిలో, నలభై నిండకుండానే పోయింది.

ఇదంతా మర్నాడు ఇంట్లో చెప్పాను. మా అమ్మాయి డ్రైవర్ సంగతి మళ్లీ చెప్పించుకుంది. అత్తయ్యగారు మాత్రం, "ఇంతకీ ఆ పిల్లకి పెళ్లయిందా?" అని అడిగారు.

"సెనెట్‌తో అనుకున్నది ఆగిపోయిందండీ. 1926లో ఇంకో నటుణ్ణి చేసుకుంది. నాలుగేళ్లకే పోయింది."

ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మనవరాలి వైపు తిరిగి, "ఆ బొమ్మతో కొట్లాడేది పెట్టవే మళ్లీ" అన్నారు.