కిన్నెరసాని జలాశయ ద్వీపాలు: మునిగిన లోయ, మిగిలిన సాక్ష్యం

పాల్వంచ సమీపాన కిన్నెరసాని జలాశయంలో అడవి కప్పిన చిన్న దీవులు కొన్ని ఉన్నాయి. గోదావరి లంకల వలె ఇవి ఒండ్రు మేటలు కావు. 1960వ దశకంలో చేపట్టిన ఆనకట్ట వెనుక లోయ మునగగా నీటికి పైన మిగిలిన గుట్టల శిఖరాలివి. కనుక వీటి చరిత్ర భూగర్భశాస్త్రంతో కంటే విద్యుదుత్పత్తితో ముడివడి ఉంది.

ములుగు అడవులలో పుట్టి బూర్గంపాడు వద్ద గోదావరిలో కలిసే ఈ ఏరు విశ్వనాథ సత్యనారాయణ ‘కిన్నెరసాని పాటలు’ వలన తెలుగు పాఠకులకు పరిచితం. అందులో భార్య ఏరై పారుతుంది, భర్త రాయై నిలిచిపోతాడు. ఆనకట్ట తరువాత నిలిచిపోయినది ఏరే. సింగరేణి బొగ్గుతో నడిచే కొత్తగూడెం థర్మల్ కేంద్రంలో తొలి యూనిట్లు 1966 నుండి పనిచేయగా, దానికి కావలసిన నీరు ఈ జలాశయానిది. పూర్తి నీటిమట్టం 407 అడుగులు, నిల్వ సామర్థ్యం 8.4 టీఎంసీలు. మట్టం మారినప్పుడల్లా దీవుల వైశాల్యమూ మారుతుంది. ఆ తొలి కేంద్రపు కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో కూల్చివేశారు. దాని కోసం పుట్టిన దీవులు మాత్రం నిలిచి ఉన్నాయి.

1977లో 635.40 చదరపు కిలోమీటర్ల అడవిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించేనాటికి లోయ నీటిలో ఉంది. చుక్కల దుప్పి, కణుజు, అడవిదున్న, ఎలుగుబంటి తిరిగే ఈ టేకు, వెదురు అడవిలో జలాశయం కూడా ప్రకృతిలో భాగంగానే లెక్కకు వచ్చింది. అయితే ఇటువంటి దీవులలో ప్రకృతి యథాతథంగా నిలవదు. థాయిలాండ్‌లోని చియూ లార్న్ జలాశయం 1986-87లో నిండగా, పాతికేళ్ళలోపే అక్కడి అటవీ శకలాల నుండి స్థానిక చిన్న క్షీరదాలు దాదాపుగా అంతరించినట్లు 2013లో వెలువడిన పరిశోధన చూపింది. పనామాలో ఇదే విధంగా ఏర్పడిన బారో కొలరాడో దీవిని 1923లోనే అధ్యయనక్షేత్రంగా కేటాయించారు. కిన్నెరసాని దీవులకు పర్యాటక ప్రచారం దక్కినంతగా అటువంటి శ్రద్ధ దక్కలేదు.

ఇక మనుషుల సంగతి. ఇది కోయల నేల. పోడు, ఇప్పపువ్వు, తునికాకు సేకరణ వారి జీవనాధారాలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్య హద్దులలోని హక్కులను కలెక్టరు విచారించాలి. కానీ నీటి అడుగున ఉన్న బాటను, మేతబీడును ఏ విచారణ చూడగలదు? 2006 అటవీ హక్కుల చట్టంలోని సెక్షన్ 3(1)(ఎం) ఈ లోటును కొంత పూరిస్తుంది. 2005 డిసెంబరు 13కు ముందు చట్టబద్ధమైన పునరావాసం పొందకుండా అటవీభూమి నుండి అక్రమంగా తొలగింపునకు లేదా నిర్వాసానికి గురైన గిరిజనులకు, ప్రత్యామ్నాయ భూమితో సహా పునరావాసం కోరే హక్కును అది గుర్తించింది. ఆ చట్టపు నియమావళిలోని 13వ నియమం మరింత ముఖ్యమైనది. హక్కుదారులు కాని పెద్దల వాంగ్మూలాన్ని లిఖితపూర్వకంగా నమోదు చేస్తే దానిని సాక్ష్యంగా స్వీకరించాలి. అంటే ఇక్కడ మౌఖిక చరిత్ర జానపద విజ్ఞాన సేకరణ మాత్రమే కాదు, గ్రామసభ ముందు నిలిచే ఆధారం. 1965లో పదేళ్ళ వయసున్న వారికి నేడు డెబ్బై దాటాయి.