సెకండ్ హ్యాండ్ పికప్ ట్రక్: డీజిల్, పెట్రోల్, సీఎన్‌జీలలో మీ రూటుకు సరిపోయే ఇంజిన్ ఏది?

సెకండ్ హ్యాండ్ ట్రాలీ కొనడానికి వెళ్లేవారు ముందుగా మోడల్ చూస్తారు, తర్వాత ధర అడుగుతారు, ఆపై టైర్లు తడిమి చూస్తారు. ఇంజిన్ దగ్గరకు వచ్చేసరికి ‘లోడు బండి అంటే డీజిలే’ అన్న పాత మాటతో సరిపెట్టేస్తారు.

పదిహేనేళ్ల కిందట ఆ మాట చాలావరకు నిజమే. అప్పట్లో చిన్న సరుకు వాహనాల్లో డీజిల్ తప్ప చెప్పుకోదగ్గ ప్రత్యామ్నాయం లేదు. ఇప్పుడు సెకండ్ హ్యాండ్ మార్కెట్లో పాత పంపు డీజిల్, కామన్ రైల్ డీజిల్, బీఎస్-6 డీజిల్, పెట్రోల్, సీఎన్‌జీ, ఎలక్ట్రిక్ బండ్లు పక్కపక్కనే కనిపిస్తాయి. పైకి ఒకేలా ఉండే రెండు బండ్లలో ఒకటి పదేళ్లు ఇల్లు గడిపితే, ఇంకోటి రెండేళ్లలో షెడ్డుకు చేరవచ్చు. ఫైనాన్స్ తీసుకుని కొనేవారికి ఈ తేడా నేరుగా కిస్తీ మీద పడుతుంది.

ఏ ఇంజిన్ మంచిదన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. బండి రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది, ఎంత లోడు మోస్తుంది, ఏ ఊళ్లలోకి వెళ్లాలి అన్నవి తేలితే జవాబు దానంతట అదే దొరుకుతుంది.

తయారీ ఏడాది చెప్పే సంగతి

ఆర్‌సీలో మొదట చూడాల్సింది తయారైన నెల, ఏడాది, ఉద్గార ప్రమాణం. దేశమంతటా బీఎస్-4 ప్రమాణాలు 2017 ఏప్రిల్ 1న, బీఎస్-6 ప్రమాణాలు 2020 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాయి. మధ్యలోని బీఎస్-5ను ప్రభుత్వం వదిలేసింది. 2023 ఏప్రిల్ నుంచి బీఎస్-6 రెండో దశ వచ్చింది. ఈ దశలో వాహనం రోడ్డు మీద నడుస్తున్నప్పుడు వదిలే పొగ కూడా లెక్కలోకి వస్తుంది.

2005లో వచ్చిన తొలి టాటా ఏస్‌లో 702 సీసీ, రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ ఉండేది. టర్బో లేదు, శక్తి 16 హార్స్ పవర్ మాత్రమే. ఉత్తరాదిలో ‘ఛోటా హాథీ’గా పేరుపడ్డ ఈ బండి సందుల్లో తిరగడానికి, తక్కువ ఖర్చుతో బాగుచేయించుకోవడానికి అనువుగా ఉండేది. 2020లో బీఎస్-6 వచ్చాక ఏస్ గోల్డ్‌లో 694 సీసీ పెట్రోల్ ఇంజిన్ కూడా పెట్టారు. మారుతి సూపర్ క్యారీ 2016లో 793 సీసీ డీజిల్‌తో మొదలైంది. 2020లో మారుతి డీజిల్ ఇంజిన్ల నుంచి పూర్తిగా తప్పుకుంది. ఆ తర్వాతి సూపర్ క్యారీలు పెట్రోల్, సీఎన్‌జీలలోనే దొరుకుతాయి. కంపెనీ వదిలేసిన ఇంజిన్ ఉన్న బండి చౌకగా వచ్చినా, దాని విడిభాగాలు మీ ఊళ్లో దొరుకుతాయో లేదో ముందే కనుక్కోవాలి.

డీజిల్: లోడు, దూరం, ఎత్తు ఉన్నచోట

డీజిల్ ఇంజిన్ తక్కువ వేగంలోనే ఎక్కువ లాగుడు బలాన్ని ఇస్తుంది. టన్నుకు పైగా లోడు, ఊరి నుంచి ఊరికి ప్రయాణం, అరకు, శ్రీశైలం లాంటి ఘాట్ రోడ్లు ఉన్న రూట్లకు అది ఇప్పటికీ సరైన ఎంపికే. 2,523 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజిన్‌తో వచ్చిన మహీంద్రా బొలెరో పికప్, 1,478 సీసీ, మూడు సిలిండర్ల అశోక్ లేలాండ్ దోస్త్, 1,496 సీసీ టాటా ఇంట్రా వీ30 ఈ తరగతిలోవే. చిన్న ఏస్‌తో టన్నున్నర లోడు ఘాట్ ఎక్కించాలని చూస్తే మొదట క్లచ్, తర్వాత ఇంజిన్ పోతాయి.

అయితే డీజిల్‌లోనూ మూడు తరాలున్నాయి.

పాత పంపు ఇంజిన్ మొండిది. పల్లెలోని మెకానిక్ కూడా విప్పి బిగించగలడు. పొగ ఎక్కువ, ఊపు తక్కువ. ఈ బండ్లకు వయసు కూడా మీద పడింది కాబట్టి ఫిట్‌నెస్ దగ్గర ఇబ్బంది రావచ్చు.

కామన్ రైల్ ఇంజిన్‌లో డీజిల్ 1,000 బార్‌కు పైగా ఒత్తిడితో ఇంజెక్టర్లలోకి వెళ్తుంది. మైలేజీ, పుల్లింగ్ రెండూ మెరుగ్గా ఉంటాయి. కానీ నీళ్లు కలిసిన డీజిల్‌ను, మార్చకుండా వదిలేసిన ఫిల్టర్‌ను ఇది సహించదు. ఇంజెక్టర్లు, పంపు కలిపి పోతే ఆ నెల సంపాదన అంతా వాటికే సరిపోతుంది.

బీఎస్-6 డీజిల్‌లో వీటికి తోడు సైలెన్సర్ దారిలో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ వస్తుంది. కొన్ని మోడళ్లలో యూరియా ద్రావణం కూడా పోయాలి. ఫిల్టర్‌లో చేరిన మసి కాలిపోవాలంటే దాని లోపల దాదాపు 600 డిగ్రీల వేడి పుట్టాలి. హైవే మీద ఒకే వేగంతో కొంతసేపు నడిచే బండికి ఇది మామూలుగా జరిగిపోతుంది. రోజంతా రెండు కిలోమీటర్లకోసారి ఆగుతూ పాల ప్యాకెట్లో, వాటర్ క్యాన్లో వేసే బండిలో మసి కాలదు, ఫిల్టర్ పూడుకుపోతుంది, ఇంజిన్ ఊపు తగ్గించేసుకుంటుంది. కాబట్టి ఊళ్లో చిన్న చిన్న ట్రిప్పులకు బీఎస్-6 డీజిల్ కొనడం చేజేతులా ఖర్చు తెచ్చుకోవడమే.

పెట్రోల్: తక్కువ తిరిగే బండికి

కిరాణా సరుకు, ఫర్నిచర్, క్యాటరింగ్ సామాను లాంటి వాటితో ఊళ్లోనే రోజుకు ముప్ఫై, నలభై కిలోమీటర్లు తిరిగే బండికి పెట్రోల్ సరిపోతుంది. కొనే ధర తక్కువ, చప్పుడు తక్కువ, రిపేరు తేలిక. లోడు పెరిగేకొద్దీ మైలేజీ బాగా పడిపోవడం దీని బలహీనత.

ఇంకో విషయం, ఇథనాల్. దేశంలో ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వస్తోంది. దానికి తగ్గట్టు వాహనాలు తయారవుతున్నది 2023 ఏప్రిల్ నుంచి. అంతకు ముందరి పెట్రోల్ బండి కొంటుంటే ఇంధన పైపులు, రబ్బరు సీళ్లు ఎలా ఉన్నాయో చూడాలి. ఇథనాల్ రాకముందు డిజైన్ చేసి, 10 శాతం మిశ్రమానికి ట్యూన్ చేసిన నాలుగు చక్రాల వాహనాల్లో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ రోడ్ మ్యాప్ అంచనా వేసింది. అమ్మేవారు చెప్పే మైలేజీ ఏనాటిదో అడగండి.

సీఎన్‌జీ: బంకు దగ్గరుంటేనే

కిలోమీటరుకు ఇంధన ఖర్చు తక్కువ. నగరాల్లో ప్రవేశ ఆంక్షలూ తక్కువే. అందుకే దిల్లీ, ముంబయి, అహ్మదాబాద్‌లలో చిన్న సరుకు బండ్లు పెద్ద ఎత్తున దీనికి మారాయి. మన దగ్గర హైదరాబాద్, విజయవాడలలో భాగ్యనగర్ గ్యాస్ బంకులు చాలాకాలంగా ఉన్నాయి.

నష్టాలూ ఉన్నాయి. సిలిండర్ బరువు లోడు తినేస్తుంది. సూపర్ క్యారీ పెట్రోల్ బండి 740 కిలోలు మోస్తే, సీఎన్‌జీ బండి 625 కిలోలే మోస్తుంది. అంటే ప్రతి ట్రిప్పులో 50 కిలోల బస్తాలు రెండు తగ్గినట్టే. గ్యాస్ మీద ఇంజిన్ ఊపు కూడా కొంత తగ్గుతుంది. బంకు దగ్గర క్యూలో పోయే సమయాన్ని కూడా ఖర్చు కిందే రాసుకోవాలి.

కొనేటప్పుడు సిలిండర్ మీది పలకను స్వయంగా చదవండి. ప్రతి మూడేళ్లకు ఒకసారి సిలిండర్‌కు పీడన పరీక్ష చేయించాలి. గ్యాస్ 200 బార్ ఒత్తిడితో అందులో ఉంటుంది కాబట్టి ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. కిట్ కంపెనీదా, బయట బిగించిందా చూడాలి. బయట బిగించినదైతే ఆర్‌సీలో, బీమా పాలసీలో సీఎన్‌జీ అని నమోదై ఉండాలి. లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ దగ్గర చిక్కులొస్తాయి.

ఎలక్ట్రిక్ బండ్లు ఇంకా తక్కువగానే సెకండ్ హ్యాండ్‌కు వస్తున్నాయి. 2022లో వచ్చిన ఏస్ ఈవీలో 21.3 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉంది. ఇలాంటి బండి కొంటే ఇంజిన్ స్థానంలో బ్యాటరీ ఆరోగ్యాన్ని చూడాలి. సర్వీస్ సెంటర్ రిపోర్టు, మిగిలిన వారంటీ, అది మీ పేరుకు మారుతుందా అన్న స్పష్టత లేకుండా బయానా ఇవ్వొద్దు.

కిలోమీటరు లెక్క

లెక్క తేలికగా ఉండటానికి కొన్ని అంకెలు అనుకుందాం. పెట్రోల్ లీటరు 105 రూపాయలు, మైలేజీ 15 అయితే కిలోమీటరుకు 7 రూపాయలు. డీజిల్ లీటరు 95, మైలేజీ 19 అయితే 5 రూపాయలు. సీఎన్‌జీ కిలో 90, మైలేజీ 20 అయితే నాలుగున్నర రూపాయలు. మీ ఊరి ధరలు, మీ బండి మైలేజీ పెట్టి ఇదే లెక్క వేసుకోవచ్చు.

ఒకే వయసున్న పెట్రోల్ బండి కంటే డీజిల్ బండి 60 వేలు ఎక్కువ పలుకుతోందనుకోండి. కిలోమీటరుకు 2 రూపాయలు మిగిలితే ఆ 60 వేలు రాబట్టడానికి 30 వేల కిలోమీటర్లు తిరగాలి. రోజుకు 120 కిలోమీటర్ల చొప్పున నెలకు 25 రోజులు నడిచే బండికి అది పది నెలల పని. రోజుకు 40 కిలోమీటర్లే తిరిగే బండికి రెండున్నరేళ్లు పడుతుంది. ఆలోగా ఒక్కసారి ఇంజెక్టర్లు మార్చాల్సి వస్తే లెక్క తలకిందులవుతుంది.

ఇదే లెక్కలో డీజిల్‌కూ సీఎన్‌జీకీ తేడా అర్ధరూపాయే. నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగినా మిగిలేది 1,500 రూపాయలు. గ్యాస్ క్యూ వల్ల నెలలో రెండు కిరాయిలు పోగొట్టుకుంటే ఆ లాభం మిగలదు.

చట్టం మిగిల్చిన ఆయుష్షు

ఇంజిన్ ఎంత బాగున్నా, దాన్ని రోడ్డెక్కనివ్వని నియమం ఉంటే అది ఇనుము ధరే చేస్తుంది. దీనికి దిల్లీ పెద్ద ఉదాహరణ. దిల్లీ-ఎన్‌సీఆర్‌లో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ వాహనాలు నడపకూడదన్న జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశాలను సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో సమర్థించింది. 2025 ఆగస్టులో అలాంటి బండ్ల యజమానులపై కఠిన చర్యలు వద్దని చెప్పిన కోర్టు, డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, ఆపై ప్రమాణాల బండ్లకే పరిమితం చేసింది.

సరుకు వాహనాలకు ఇంకో నియమం ఉంది. దిల్లీలో రిజిస్టర్ కాని బీఎస్-3, అంతకంటే పాత సరుకు వాహనాలకు 2025 నవంబరు 1 నుంచి నగర ప్రవేశం లేదు. బీఎస్-4 బండ్లకు 2026 అక్టోబరు 31 వరకే గడువు ఇచ్చారు. బీఎస్-6, సీఎన్‌జీ, ఎలక్ట్రిక్ బండ్లకు ఈ ఆంక్ష లేదు.

తెలుగు రాష్ట్రాలకు దీనితో సంబంధం ఏమిటి? అక్కడ కాలం చెల్లుతున్న డీజిల్ బండ్లు నిరభ్యంతర పత్రంతో ఇతర రాష్ట్రాలకు అమ్ముడవుతుంటాయి. ధర ఆకర్షణీయంగా కనిపిస్తుంది. దానికి ఇక్కడి పన్ను, కొత్త రిజిస్ట్రేషన్, తిరిగే ఖర్చు కలిపి చూసుకోవాలి. రేపు మళ్లీ అమ్మేటప్పుడు ఆ ప్రమాణం ఉన్న బండిని ఎవరు కొంటారన్నదీ ఆలోచించాలి. ఇంకో సంగతి: 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు వాహనాలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. రెండు, మూడేళ్ల బండికి అడుగుతున్న ధరను కొత్త బండి ధరతో ఒకసారి పోల్చి చూడటం మంచిది.

బయానాకు ముందు ఇంజిన్ దగ్గర చూడాల్సినవి

- పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. మీరు వచ్చేసరికే వేడిగా ఉంటే స్టార్టింగ్ సమస్యను దాస్తున్నారని అనుమానించాలి.
- నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని అర్థం. తెల్లపొగ ఆగకుండా వస్తే కూలెంట్ లోపలికి వెళ్తోందేమో చూడాలి. డీజిల్‌లో దట్టమైన నల్లపొగ ఇంజెక్టర్, గాలి ఫిల్టర్ లేదా టర్బో సమస్యకు గుర్తు.
- ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే ఆవిరి ఎగదన్నుతోందంటే ఇంజిన్ బోరుకు దగ్గరపడింది. మూత లోపల పాలమీగడ లాంటి జిడ్డు ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నట్టు.
- తాళం తిప్పగానే చెక్ ఇంజిన్ లైటు వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే దాన్ని కావాలనే తీసేసి ఉండవచ్చు.
- బీఎస్-6 బండికి స్కానర్ పెట్టించండి. డీపీఎఫ్‌ను కోసి తీసేసిన బండి కొంటే తర్వాత చట్టపరమైన చిక్కు మీదే అవుతుంది.
- ఖాళీ బండిని నడిపి మురిసిపోవద్దు. లోడుతో ఒక ఫ్లైఓవరో, గట్టో ఎక్కించి చూడండి.

కాగితాల్లో ఆర్‌సీ మీది ఇంజిన్, ఛాసిస్ నంబర్లు బండి మీదివాటితో సరిపోవాలి. పరివాహన్ పోర్టల్‌లో ఫైనాన్స్ బాకీ, చలాన్లు, ఫిట్‌నెస్, పన్ను గడువు చూసుకోవచ్చు. సరుకు వాహనానికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆపై ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఫైనాన్స్ తీరితే ఫారం 35, యాజమాన్య బదిలీకి ఫారం 29, 30, వేరే రాష్ట్రం బండికి ఫారం 28 కావాలి. స్థూల బరువు 3,000 కిలోలు దాటని సరుకు వాహనానికి పర్మిట్ అక్కర్లేదు. పెద్ద పికప్‌కు, చిన్న ట్రాలీకి మధ్య తేల్చుకోలేకపోతున్నవారు ఈ హద్దును గుర్తుపెట్టుకోవాలి.

ఎవరికి ఏది?

రోజుకు 50 కిలోమీటర్ల లోపు, ఊళ్లోనే తిరిగేవారికి పెట్రోల్. నగరంలో 80 నుంచి 100 కిలోమీటర్లు తిరుగుతూ, దారిలోనే గ్యాస్ బంకు ఉన్నవారికి సీఎన్‌జీ. టన్నుకు పైగా లోడుతో ఊళ్లు దాటేవారికి బీఎస్-6 డీజిల్. పల్లెల మధ్య తిరుగుతూ, పెద్ద నగరాల్లోకి పోయే పని లేనివారికి బాగా చూసుకున్న బీఎస్-4 డీజిల్ ఇంకా కొన్నేళ్లు పనికొస్తుంది. బీఎస్-3 బండిని ధర ఎంత తక్కువైనా అప్పు చేసి కొనకపోవడమే మంచిది. కిస్తీలు తీరకముందే ఆ బండి తిరగగలిగే రోడ్లు తగ్గిపోవచ్చు.