దుడ్లిచ్చి కొన్న నాచు

పోయిన వేసవిలో మా చిన్నోడి పోరు పడలేక రెండడుగుల గాజుతొట్టి కొన్నాం. గప్పీ చేపలతో పాటు ఎర్రెర్రటి ఆకుల మొక్కలు నాలుగు రకాలు తెచ్చుకున్నాడు. నెల తిరక్కుండానే అవన్నీ కుళ్ళిపోయి నీళ్ళు వాసన కొట్టాయి. ఒకరోజు పొద్దున్నే చూస్తే ఆరు చేపల్లో నాలుగు పైకి తేలి ఉన్నాయి. ఆ పూట వాడు అన్నం ముట్టలేదు. అలాంటి ఎర్ర మొక్కలకు గట్టి లైటు, సిలిండరుతో పట్టే కార్బన్ డయాక్సైడు కావాలని తర్వాత తెలిసింది. మాకున్నదల్లా ఒక చిన్న లైటు, బిందె అడుగున తెల్లటి పొర కట్టే తిరుపతి బోరు నీళ్ళు.

రెండోసారి వాడే నాలుగు చోట్ల అడిగి, ఒక కట్ట హైడ్రిల్లా, పొడుగాటి రిబ్బన్లలాంటి వాలిస్నేరియా, రాయికి కట్టిన అనూబియాస్ మొక్క ఒకటి తెచ్చాడు. అప్పుడే డాక్టరుకు చూపించుకోవడానికి బంగారుపాళెం నుంచి మా మామ వచ్చారు. తొట్టి దగ్గర వంగి చూసి, "ఏమ్మా, ఇది మా చెరువులో నాచు గదా! దీనికి దుడ్లిచ్చి కొంటిరా?" అని ఒకటే నవ్వు. కాసేపటికి నవ్వు ఆపి, "ఆ చెరువులో నీళ్ళు నిలిచి, నాచు చూసి ఎన్నేండ్లాయనో" అన్నారు.

నాకు ఆ నవ్వు కంటే ఆ మాటే గుచ్చుకుంది. మధ్యాహ్నాలు ఆ నాచు సంగతులే చదువుతూ కూర్చున్నాను. బి.ఏ. తెలుగు చదివినదానికి వృక్షశాస్త్రం ఎందుకని మా ఆయన ఎగతాళి. ఉండనీ.

చిత్తూరు సీమ ఆర్కాటు నవాబు ఏలుబడిలో ఉన్న రోజుల్లో కోయినిగ్ అనే వైద్యుడు ఆ నవాబు దగ్గర ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా కొలువు చేశాడు. మొక్కలకు పేర్లు పెట్టిన లినేయస్ శిష్యుడాయన. 1768లో తరంగంబాడి వచ్చి, 1785లో కాకినాడ దగ్గర జగన్నాథపురంలో కన్నుమూశాడు. మన దేశపు నీళ్ళలోని హైడ్రిల్లాకు లినేయస్ కొడుకు ఆ కాలంలోనే శాస్త్రీయ నామం పెట్టాడు. ఆ తర్వాత సామర్లకోటలో కంపెనీ తోట చూసిన రాక్స్‌బరో, కోరమాండల్ తీరపు మొక్కల మీద తెచ్చిన పెద్ద పుస్తకంలో దీని బొమ్మ కూడా వేయించాడు.

మా మామను కూర్చోబెట్టి చెప్పింది మాత్రం ఇంకో సంగతి. ఆ నాటి దొరల పుస్తకాల్లో, మన దేశంలో చక్కెర శుద్ధి చేసేవాళ్ళు ఈ నాచునే వాడేవాళ్ళని ఉంది. మడ్డితో కలిసిన చక్కెర మీద తడి నాచు దట్టంగా పరుస్తారు. నాచులోని నీరు కొద్దికొద్దిగా కిందికి ఇంకుతూ పలుకుల మీది మడ్డిని కడుక్కుంటూ దిగుతుంది. పైనుంచి తెల్లబడుతూ వస్తుంది. వెస్టిండీస్‌లో ఈ పనికే తడి బంకమట్టి పరిచేవాళ్ళట. ముప్పై ఏళ్ళు గానుగ ఆడించి బెల్లం వండిన మనిషి కదా, ఆయన నవ్వలేదు. "మేం సున్నం వేసి మడ్డి తీస్తిమి. ఇప్పుడు తెల్లంగా రావాలని మందు కలపతా ఉండారు. నాచుతో అయ్యే పనే, నీళ్ళు నిదానంగా వదలతాదిలే" అని తనలో తను లెక్క వేసుకున్నారు.

గాజుతొట్టి చరిత్ర కూడా ఈ నాచుల వంశం దగ్గరే మొదలైంది. లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1849లో ఒక గాజు పాత్రలో రెండు గోల్డ్ ఫిష్‌లను, ఒక వాలిస్నేరియా మొక్కను ఉంచాడు. చేప వదిలిన గాలి మొక్కకు, మొక్క వదిలిన గాలి చేపకు సరిపోతాయా అన్నది ఆయన పరీక్ష. కొన్నాళ్ళకు రాలిన ఆకులు కుళ్ళి నీళ్ళు మురికి పట్టాయి. అచ్చం మా ఇంట్లో లాగానే! ఆయన చెరువు నత్తలను తెచ్చి వేశాడు. అవి కుళ్ళిన ఆకు తిన్నాయి, నీళ్ళు తేటపడ్డాయి. 1850లో ఈ సంగతి కెమికల్ సొసైటీకి వివరించాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు, మరుసటి ఏడు గోస్ రాసిన పుస్తకంతో అక్వేరియం అన్న మాట ఊరంతా పాకింది. ఇది చదివాక, మొక్కలతో వచ్చిన నత్తలను ఏరి పారేస్తున్న మా వాడిని ఆపాను.

ఈ రెండు నాచులూ మా బోరు నీళ్ళలో బతకడానికి కారణం ఉంది. గట్టి నీళ్ళలో కరిగి ఉన్న బైకార్బనేటు నుంచి కూడా ఇవి తమకు కావలసిన కార్బన్ తీసుకోగలవు, సిలిండరు అక్కర్లేదు. అనూబియాస్ పశ్చిమ ఆఫ్రికా వాగుల ఒడ్డున నీడలో పెరిగేది, దానికి చిన్న లైటే చాలు. దాని దుంపను మాత్రం ఇసకలో పూడ్చకూడదు, కుళ్ళుతుంది. రాయికి దారంతో కట్టి వదిలేయాలి. వాలిస్నేరియాకైతే వేళ్ళు ఇసకలో, మొదలు పైన ఉండాలి.

హైడ్రిల్లా వారానికి జానెడు పెరుగుతుంది, కత్తిరించక తప్పదు. కత్తిరించింది కాలువలో వేయనివ్వను. 1950లలో సిలోన్ నుంచి అక్వేరియంల కోసం అమెరికాలోని ఫ్లోరిడాకు తీసుకెళ్ళిన హైడ్రిల్లాను టాంపాలో ఒక కాలువలో పడేస్తే, అది అక్కడి చెరువులూ నదులూ కమ్మేసింది. దాన్ని అదుపు చేయడానికి ఇప్పటికీ డబ్బు పోస్తూనే ఉన్నారు. మా ఇంట్లో తీసిన నాచు ఎండబెట్టి కుండీల్లోకి వేస్తున్నాను.

ఊరికి పోయే రోజు మా మామ ఒక కవర్లో నీళ్ళు పోయించుకుని గుప్పెడు నాచు పట్టుకుపోయారు, బోరు దగ్గర ఆవులు తాగే సిమెంటు తొట్టిలో వేస్తానని. మొన్న ఫోన్‌లో మనవడి మార్కులు కూడా అడగలేదు. "ఆవు మూతి పెట్టకుండా ఒక పక్క బండ అడ్డం పెట్టినానమ్మా, పెరగతా ఉండాది" అన్నారు.