ట్రంక్ కాల్ నుంచి రౌటరు దాకా

మన ప్రత్యేక సంచికలో పాత రోజుల ముచ్చట్లకు కొదవ ఉండదు. నేను రాసేది కూడా పాత పని సంగతే, కాకపోతే అది ఈనాడు వేరే పేరుతో నడుస్తున్నది.

రుద్రూరు వంటి ఊరి నుంచి హైదరాబాదుకు మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి కూర్చున్న రోజులు చాలామందికి జ్ఞాపకమే. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్ అని రకాలు. ఇక్కడి ఆపరేటరు పక్క ఎక్స్ఛేంజిని పిలిస్తే, వారు జిల్లా కేంద్రాన్ని, వారు హైదరాబాదును పిలవాలి. నేరు లైను దొరకకపోతే అనుభవజ్ఞుడైన ఆపరేటరు మరో ఊరి మీదుగా తిప్పి కలిపేవారు. ఎటు దారి ఉన్నది, ఏది చెడింది అన్న లెక్కంతా ఆయన తలలోనే ఉండేది.

1960లో కాన్పూరు, లక్నోల మధ్య ఎస్.టి.డి. మొదలైంది. క్రమంగా ఆ లెక్క అంకెల్లోకి ఎక్కింది: నిజామాబాదు 08462, బాన్సువాడ 08466, బోధన్ 08467. అంకెను బట్టి యంత్రమే దారి పట్టించేది. అయితే ఆ దారులను ముందుగా రాసిపెట్టేది మనుషులే.

రౌటర్లు వచ్చాక సంగతి మారింది. ఇవి ఒకదానితో ఒకటి మాట్లాడుకొని దారులు తెలుసుకుంటాయి. ఆ మాటల పద్ధతినే రౌటింగ్ ప్రోటోకాల్ అంటారు. 1988లో ప్రమాణంగా రాసిన 'రిప్' పద్ధతిలో ప్రతి రౌటరూ ముప్పై సెకండ్లకోసారి తనకు తెలిసిన దారులన్నీ పొరుగువానికి చెబుతుంది. ఇది చాటింపు లాంటిది. చెప్పుడు మాట గనుక తప్పులూ వ్యాపిస్తాయి. పదిహేను మజిలీలు దాటితే దారి లేనట్టే లెక్క. తరువాతి ఏడు వచ్చిన 'ఓ.ఎస్.పి.ఎఫ్.' మేలు. అందులో ప్రతి రౌటరు దగ్గరా తన ప్రాంతపు పటం మొత్తం ఉంటుంది, తక్కువ ఖర్చు దారిని అదే కట్టుకుంటుంది. ఆ లెక్క డైక్‌స్ట్రా అనే డచ్చి శాస్త్రజ్ఞునిది. 1956లో ఆమ్‌స్టర్‌డాంలో కాఫీ హోటలు ముందు కూర్చొని, కాగితం కలం లేకుండా ఇరవై నిమిషాల్లో ఆలోచించానని ఆయనే చెప్పారు.

రెండు రౌటర్లను కలపడం వినడానికి సులువే. తన నెట్‌వర్కు ఏదో, ప్రాంతం నంబరు ఏదో రెండు వైపులా రాయాలి. మామూలుగా పది సెకండ్లకోసారి ఒకదానికొకటి 'హలో' పంపుకుంటాయి. ఆ గడువుగానీ ప్రాంతం నంబరుగానీ ఒక వైపు తేడా పడితే చాలు, తీగ బాగానే ఉన్నా పొరుగు రౌటరును పలకరించదు.

ఒక సంస్థకూ మరో సంస్థకూ మధ్య నడిచేది 'బి.జి.పి.'. దీని తొలి రూపం 1989 జనవరిలో అమెరికాలోని ఆస్టిన్‌లో భోజనాల బల్ల దగ్గర కాగితపు రుమాళ్ళ మీద రాశారు. ఇది నమ్మకం మీద నడిచే పద్ధతి. 2008 ఫిబ్రవరిలో పాకిస్తాన్ టెలికాం తన దేశంలో యూట్యూబును ఆపబోయి రాసిన దారి బయటికి పాకి, ప్రపంచంలో చాలాచోట్ల రెండు గంటల సేపు యూట్యూబు అందలేదు.

ఇక మన ఊరి సంగతి. 2011లో మంజూరై, తరువాత భారత్ నెట్ అని పేరు మారిన పథకంలో గ్రామ పంచాయతీలకు ఫైబరు తీగ వేశారు. తెలంగాణలో ఆ పని టి-ఫైబర్ చేతికి వచ్చింది. దేశంలో మొదటి విడత తీగలు చాలావరకు మండల కేంద్రం నుంచి పంచాయతీకి ఒకే వరుసలో పోయాయి. నా దృష్టిలో అసలు లోపం అదే. ఎంత తెలివైన ప్రోటోకాల్ అయినా రెండో దారి ఉంటేనే దారి మార్చగలదు. రోడ్డు వెడల్పు చేసే పొక్లెయిను ఉన్న ఒక్క తీగనూ తెంపితే రౌటరు ఏం చేస్తుంది? కాలువకు గండి పడితే చివరి ఆయకట్టుకు నీళ్ళు అందనట్టే. నిజాంసాగర్ కింద సేద్యం చేసినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన సవరించిన పథకంలో పంచాయతీలను వలయాకారంగా కలపాలని, మండలంలోనూ పంచాయతీలోనూ రౌటర్లు పెట్టాలని నిర్ణయించారు. ఒక వైపు తెగినా రెండో వైపు నుంచి నడుస్తుంది.

ఇది మనకెందుకంటారా? 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చినప్పటి నుంచి మన లైఫ్ సర్టిఫికెట్టు కూడా ఈ తీగల మీదే ప్రయాణం చేస్తున్నది. వేలిముద్ర వేసేందుకు కర్ర పట్టుకొని వెళ్ళిన పెద్దమనిషికి కౌంటరులో "సర్వర్ లేదు, రేపు రండి" అంటారు. చాలాసార్లు సర్వరు తన చోటనే భద్రంగా ఉంటుంది, లేనిది దారి. ఈ నవంబరులో ఆ మాట వినబడితే, మన పంచాయతీకి రెండో వైపు తీగ వచ్చిందా అని ఒకసారి అడిగి చూడండి.