చెవి గొట్టానికి పట్టిన పాచి

టెక్సస్‌లోని ప్లేనోలో తెలుగిళ్ల పసివాళ్లకు చెవిపోటు మొదలైతే ముందు మోగేది వాట్సాప్. "వెల్లుల్లి కాచిన నూనె రెండు చుక్కలు వెయ్యమ్మా" అంటుంది గుంటూరు నుంచి అమ్మమ్మ. కర్ణభేరిలో వైద్యులు అమర్చిన గొట్టం ఉంటే ఆ నూనె తిన్నగా మధ్యచెవిలోకి దిగుతుందని ఆవిడకు నచ్చజెప్పేసరికి అరగంట.

గొట్టమంటే ఎంతని? నూకగింజంత. దాని బెజ్జం ఒక మిల్లీమీటరు, అటూ ఇటూగా. దాని గుండా మధ్యచెవిలో చిక్కుకున్న జిగట నీరు బయటికి రావాలి, గాలి లోపలికి పోవాలి.

1801లో లండన్‌లో శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్ కర్ణభేరికి చిల్లు పెట్టి కొందరికి వినికిడి తెప్పించాడు. దానికి కోప్లీ పతకమూ వచ్చింది. చిల్లు మాత్రం ఇట్టే పూడిపోయేది. వియన్నాలో చెవి వైద్యుడు పోలిట్జర్ చిల్లు పూడకుండా గట్టి రబ్బరుతో ప్రయత్నించాడు, అదీ సాగలేదు. 1954లో షార్లెట్ వైద్యుడు బెవర్లీ ఆర్మ్‌స్ట్రాంగ్ తన ప్లాస్టిక్ గొట్టం సంగతి రాశాకే ఈ పద్ధతి నిలదొక్కుకుంది.

చిల్లు నిలిచింది, చెవి కారడం మొదలైంది. నీళ్లతొట్టి గోడకు పాచి పట్టినట్టే గొట్టానికీ పడుతుంది. సూక్ష్మజీవులు తమ చుట్టూ జిగురు అల్లుకుని అందులో దాక్కుంటాయి. పొద్దున్నే మనం పళ్లు తోమి వదిలించుకునే పాచి కూడా ఈ బాపతే. నోటి ద్వారా వేసిన మందు దాన్ని అంతగా కదిలించలేదు. 2014లో డచ్ వైద్యులు ప్రచురించిన పరీక్షలో రెండు వారాల తర్వాత కూడా చెవి కారుతున్నవాళ్లు చుక్కల మందు వాడిన పిల్లల్లో 5 శాతం, నోటి మందు తాగినవాళ్లలో 44 శాతం. అలాంటి చుక్కల్లో ఒకటైన సిప్రోడెక్స్‌ను 2003లో తెచ్చింది ప్లేనోకు గంట దూరంలో, ఫోర్ట్ వర్త్‌లో ఉన్న ఆల్కాన్.

అసలు పాచే పట్టని గొట్టం చేస్తే? మొదట వెండి వైపు చూశారు. ఉగ్గుగిన్నె వెండిదే కావాలనే మనకు ఇది వింతగా తోచదు. సిలికాన్‌లో సిల్వర్ ఆక్సైడ్ కలిపిన గొట్టాలతో చెవి కారడం తగ్గిందని 1995లో ఒక పరీక్ష చెప్పింది. పాచి అంటుకోకుండా పైపూతలు వేసిన గొట్టాలూ వచ్చాయి గానీ, వాటిలో కొన్ని మామూలు గొట్టాలకంటే మెరుగేమీ కాలేదు.

నాకు బాగా నచ్చింది హార్వర్డ్‌లో జోవానా ఐజెన్‌బర్గ్ బృందం ఆలోచన. పురుగుల్ని పట్టి తినే కూజా మొక్క అంచు తడిసి ఉంటుంది, దానిమీద చీమ కాలు నిలవదు. అదే కిటుకుతో గొట్టానికి నూనెలాంటి ద్రవం పట్టించారు. సూక్ష్మజీవుల్ని చంపడం కాదు, జారగొట్టడం. ఆ గొట్టాన్ని చించిల్లా అనే ఎలుకజాతి జంతువు చెవిలో పెట్టి చూశారు. దానికి చెవులు పెద్దవి, వినికిడి దాదాపు మనిషిలాంటిదే.

అమ్మమ్మకు ఈ సంగతి చెప్తే, "మరి నూనే కదా నేను వెయ్యమన్నది!" అంటుందేమో.